మోదుగాకులాంటి గ్రూపు మీద నా అభ్యంతరం

పోయిన ఆదివారం పొద్దున టెక్సస్ నుంచి మా అల్లుడు ఒక ఫొటో పంపాడు. వంద గజాల దూరంలో నిలబెట్టిన కాగితం మీద మూడు రంధ్రాలు, ఒకదాని అంచును ఒకటి తాకుతూ, అచ్చం మోదుగాకులా ఉన్నాయి. కింద ఒక్క మాట రాశాడు: "మామయ్యా, కొత్త బ్యారెల్‌కు లోతు దొరికింది. 21 థౌల దగ్గర. ఇగ మార్చను."

ఒకే గురికి వరసగా కాల్చిన గుండ్ల రంధ్రాల గుంపును గ్రూపు అంటారు. ఆ గ్రూపు అందంగా ఉందన్న మాట నిజం. అయినా ఆ ఫొటో చూసినప్పుడు నాకు సంతోషం కన్నా కలవరమే ఎక్కువ కలిగింది. తూటాలో బుల్లెట్‌ను ఎంత లోతుగా కూర్చోబెట్టాలో మూడు గుండ్లు కాల్చి తేల్చవచ్చా అని రెండేళ్ల కింద ఇదే వాదన మా ఇద్దరి మధ్య ఆరు నెలలు నడిచింది. అప్పుడు తేలిందనుకున్నది కొత్త బ్యారెల్ రాగానే మళ్లీ మొదటికి వచ్చింది. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పలేని విషయం కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాకు రైఫిల్ లేదు. ఒక్క తూటా కూడా నా చేతులతో కాల్చలేదు. నల్లగొండలో, చుట్టుపక్కల జిల్లాల్లో వ్యవసాయ శాఖ ఉద్యోగిగా నా సర్వీసులో ఎక్కువ భాగం విత్తన పరీక్షల్లోనే గడిచింది. గింజలు లెక్కపెట్టి, తడి కాగితాల మధ్య పరిచి, వరికైతే ఐదో రోజున ఒకసారి, పద్నాలుగో రోజున ఆఖరుసారి మొలకలు ఎంచడం నా పని. బిడ్డ దగ్గరికి వెళ్లి ఆరు నెలలున్నప్పుడు, ప్రతి ఆదివారం అల్లుడి వెంట రేంజికి, అంటే కాల్పుల సాధన చేసే మైదానానికి పోయి, నోటు పుస్తకం పట్టుకొని వెనక కూర్చునేవాడిని. తూటాలు తయారు చేసుకోవడం అక్కడ చాలామందికి ఇంట్లో బల్ల మీద చేసుకునే వ్యాసంగం. మన దగ్గర 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తూటాల తయారీ నేరం. కాబట్టి ఇది ఎవరూ ఇక్కడ చేసి చూడమని రాస్తున్నది కాదు. నా అభ్యంతరం తుపాకి మీద కాదు, ఒక నిర్ణయానికి వచ్చే పద్ధతి మీద.

గట్టుకూ బుల్లెట్‌కూ మధ్య ఎడం

బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులుంటాయి, గాడికీ గాడికీ మధ్య గట్లుంటాయి. మన పొలం గట్ల మాదిరే అవి ఎత్తుగా నిలిచి బుల్లెట్‌ను పట్టి తిప్పుతాయి. తూటాను ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే అరలో పెట్టినప్పుడు బుల్లెట్ ముక్కు దగ్గరి వంపు ఆ గట్లు మొదలయ్యే చోటికి కొంచెం దూరంలో ఆగుతుంది. పేలినప్పుడు బుల్లెట్ ఆ దూరాన్ని దాటి పోయి గట్లను పట్టుకుంటుంది. ఆ దూరాన్నే జంప్ అంటారు. మందు నింపే ఇత్తడి కేసులో బుల్లెట్‌ను ఎంత లోతుగా కూర్చోబెడితే జంప్ అంత పెరుగుతుంది. దీన్ని కొలిచేది థౌలలో, అంటే అంగుళంలో వెయ్యో వంతులలో. మూడు థౌలంటే దాదాపు ఒక తలవెంట్రుక మందం.

ఈ ఎడం మారితే గ్రూపు మారుతుందనడానికి రెండు కారణాలు చెబుతారు. బుల్లెట్ గట్ల మధ్యకు నిటారుగా ప్రవేశిస్తుందా, కొద్దిగా ఒరిగి ప్రవేశిస్తుందా అన్నది ఒకటి. కేసు మెడ నుంచి బుల్లెట్ కదిలే తొలి క్షణాల్లో ఒత్తిడి ఎట్లా పెరుగుతుంది అన్నది రెండోది. రెండూ నమ్మదగినవే. బుల్లెట్ ముక్కు ఆకారాన్ని బట్టి కూడా పట్టింపు మారుతుంది. వంపు నునుపుగా బుల్లెట్ ఒంటిలో కలిసిపోయే టాంజెంట్ రకం బుల్లెట్లు జంప్ ఎక్కువైనా తక్కువైనా సర్దుకుంటాయని, వంపు కోణంగా విరిగే సీకెంట్ రకం పట్టింపు ఎక్కువని అనుభవజ్ఞులు అంటారు. వెదర్‌బీ మాగ్నం రైఫిళ్లలో గట్లకు ముందు పొడవైన ఖాళీని కావాలనే ఉంచుతారు. అవి కూడా బాగానే గురి నిలుపుతాయి. అంటే గట్లకు ఆనుకొని ఉండడమే మేలన్న నియమమేమీ లేదు.

కాబట్టి లోతుకు విలువ లేదని నేను అనడం లేదు. విలువ ఉన్నదానిని కొలవడానికి మూడు తూటాలు చాలవు అంటున్నాను.

మూడు గింజలతో మొలక శాతం

నేను వెళ్లిన మొదటి నెలలో అల్లుడు తన 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్‌కు ఎనిమిది లోతులు పరీక్షించాడు. ఒక్కో లోతుకు మూడు థౌల తేడా, ఒక్కో లోతుకు మూడు తూటాలు, మొత్తం ఇరవై నాలుగు. ఎనిమిది గ్రూపుల్లో అన్నిటికన్నా చిన్నది 0.38 అంగుళం, పెద్దది 1.02 అంగుళం. వాటిని గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే నడుమ ఒక లోయలాంటిది కనిపించింది. ఆ లోయనే అక్కడివాళ్లు నోడ్ అంటారు. అతని ముఖంలో వెలుగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాకు మాత్రం ఆ గ్రాఫు చూడగానే మా ప్రయోగశాల గుర్తుకొచ్చింది. మొలక పరీక్షకు మేము తీసుకునేవి 400 గింజలు. వాటిని వందేసి చొప్పున నాలుగు భాగాలు చేస్తాం. ఒకే సంచిలోని, ఒకేలా కలిపిన గింజలే అయినా నాలుగు భాగాల్లో ఒకే లెక్క ఎప్పుడూ రాదు. ఒకదానిలో 85 మొలిస్తే ఇంకొకదానిలో 75 మొలుస్తాయి. ఎంత తేడా వరకు అది కేవలం యాదృచ్ఛికమో చెప్పే పట్టిక ఒకటి గోడకు వేలాడుతూ ఉండేది. తేడా ఆ హద్దు దాటితేనే ఎక్కడో పొరపాటు జరిగిందని మళ్లీ పరీక్ష మొదలుపెట్టేవాళ్లం. కొత్తగా చేరిన పిల్లలు 85 వచ్చిన భాగాన్ని చూసి "ఈ పేపరు మంచిదేమో సార్" అనేవారు. అల్లుడు అన్నది సరిగ్గా అదే.

గుండ్ల విషయంలో కూడా అలాంటి పట్టిక ఉంది. గుండ్లు అడ్డంగా, నిలువుగా సమానంగా, సాధారణ విభాజనం ప్రకారం చెదురుతాయనుకుంటే, మూడు గుండ్ల గ్రూపు పరిమాణానికి ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా అటూ ఇటూ ఊగే మేర, దాని సగటులో సుమారు 37 శాతం ఉంటుంది. ఐదు గుండ్లకు అది 27 శాతానికి, పది గుండ్లకు 20 శాతం దగ్గరికి తగ్గుతుంది. దీని అర్థం ఏమిటంటే, ఏ మార్పూ లేకుండా ఒకే లోతులో చేసిన ఇరవై నాలుగు తూటాలను మూడేసి చొప్పున కాల్చినా, ఎనిమిది గ్రూపుల్లో పెద్దది చిన్నదానికి రెండున్నర, మూడింతలు ఉండడం మామూలే. అల్లుడి గ్రూపుల్లో ఆ నిష్పత్తి 2.7. అతని గ్రాఫులో కనిపించిన లోయ బ్యారెల్‌ది కావచ్చు, ఒట్టి అదృష్టానిదీ కావచ్చు. రెండింటినీ వేరు చేసే శక్తి ఆ ఇరవై నాలుగు తూటాలకు లేదు.

కొలిచే పనిముట్టు సంగతి కూడా చూడాలి. మామూలు డిజిటల్ కాలిపర్ ఒక థౌ అటూ ఇటూగా చూపిస్తుంది. బుల్లెట్ కొన నుంచి తూటా మొత్తం పొడవు కొలిస్తే కొనలే ఒకదానికొకటి సమానంగా ఉండవు. అందుకే వంపు మీద ఆనే కంపారేటర్ బిగించి కొలుస్తారు. అయితే బుల్లెట్‌ను నొక్కే డై వంపు మీద ఒక చోట ఆనుతుంది, కంపారేటర్ ఇంకొక చోట ఆనుతుంది. ఆ రెండు చోట్ల మధ్య బుల్లెట్‌కూ బుల్లెట్‌కూ ఉండే తేడా, కేసు మెడ పట్టులో ఉండే తేడా కలిసి ఒకటి రెండు థౌలు ఇట్టే మింగేస్తాయి. మూడు థౌల మెట్లు వేసుకున్నామనుకున్న చోట మెట్ల అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయన్నమాట.

అల్లుడు చెప్పిన మాటల్లో నిలిచేవి

అతను తెలివైనవాడు, జడ్చర్ల దగ్గరి రైతు కుటుంబంలో పుట్టి లెక్కల మీద పైకొచ్చినవాడు. నా మాటను అంత తేలికగా ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి అతను చూపిన కారణాలు బలమైనవి.

మొదటిది ఖర్చు. "మామయ్యా, లోతుకు ముప్పై చొప్పున ఎనిమిది లోతులు కాలిస్తే 240 తూటాలు. ఈ బ్యారెల్ ఆయుష్షే రెండు, మూడు వేల తూటాలు. పదో వంతు పరీక్షకే పోతది" అన్నాడు. 2020, 2021 సంవత్సరాల్లో ప్రైమర్లు, అంటే తూటాలో మందును అంటించే చిన్న టోపీలు దొరక్క ఇబ్బంది పడినవాడికి ఒక్కో ప్రైమరూ లెక్కే. పైగా కాల్చినకొద్దీ గట్ల మొదలు వేడికి కాలి, అరిగి ముందుకు జరుగుతుంది. కొన్ని వందల తూటాలకే ఆ జరుగుడు కొన్ని థౌలకు చేరుతుంది. పరీక్ష పూర్తయ్యే నాటికి కొలిచిన ఎడమే మారిపోతుంది. ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. గింజలను పరీక్షిస్తే సంచి అరగదు కదా.

ఆలోచించగా నాకు తోచింది ఇది. గట్లు అట్లా జరిగిపోయేటప్పుడు, మూడు థౌల వెడల్పున్న నోడ్ దొరికినా అది ఎన్నాళ్లు నిలుస్తుంది? ప్రతి రెండు మూడు వందల తూటాలకు దాని వెంట పడుతూ పోవాలి. అంతకన్నా, ఎడం ఇరవై థౌలు అటూ ఇటూ అయినా పెద్దగా పట్టించుకోని లోతును వెతుక్కోవడం మేలు. అలాంటి వెడల్పైన చోటు వెతకడానికి సన్నని మెట్లు అక్కర లేదు. బెర్గర్ కంపెనీ తన సీకెంట్ రకం బుల్లెట్లకు చెప్పిన పద్ధతి కూడా ఇలాంటిదే. పోటీ షూటర్లకు గట్లలోకి 10 థౌలు నొక్కి ఒకటి, గట్లకు 40, 80, 120 థౌల ఎడంలో మూడు, మొత్తం నాలుగే లోతులు, లోతుకు ఆరు తూటాలు. ఆరు కూడా తక్కువేనని నా అభిప్రాయం. కానీ 40 థౌల పెద్ద అడుగులు వేయడం సరైన దిక్కు.

రెండో మాట ఇంకా పదునైనది. "మూడు గుండ్లతో మంచిది తేలకపోవచ్చు, చెడ్డది తేలుతది కదా" అన్నాడు. ఇది నిజం, నేను దీన్ని పూర్తిగా ఒప్పుకున్నాను. ఒక లోతులో మొదటి మూడు గుండ్లే అంగుళంన్నర చెదిరితే ఇంకా ఏడు కాల్చినా ఆ గ్రూపు పెరుగుతుందే తప్ప తగ్గదు. కాబట్టి మూడు గుండ్ల గ్రూపును చెడ్డ లోతును తీసివేయడానికి వాడుకోవచ్చు, మంచిదాన్ని ఎంచుకోవడానికి వాడరాదు. మన రైతులకు ఈ తేడా తెలుసు. గుప్పెడు విత్తనం అరచేతిలో పోసుకొని పుచ్చులు కనపడితే సంచి పక్కన పెడతారు. పుచ్చులు లేవని సంచి కొనరు, ఇంటికి తెచ్చి వంద గింజలు తడి గోనెలో చుట్టి చూస్తారు.

బోర్ల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా దేవరకొండ వైపు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీటి జాడ చెప్పేవారి వెంట పోయి అప్పుల పాలైన కుటుంబాలను నేను కళ్లారా చూశాను. నీళ్లు పడిన ఒక్క బోరును ఊరంతా చెప్పుకుంటుంది, ఎండిపోయిన నాలుగు బోర్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గ్రూపుల ఫొటోలకు కూడా అదే జరుగుతుంది. అల్లుడి ఫోనులో మోదుగాకులు యాభై ఉన్నాయి, చెదిరిన గ్రూపుల ఫొటోలు రెండు మూడు కూడా లేవు.

బిడ్డ దాచిన చీటీ

రెండో నెలలో అతను ఎంచుకున్న లోతులోనే పది తూటాలు వరసగా, బ్యారెల్ వేడెక్కకుండా ఆగి ఆగి కాల్చమన్నాను. 0.38 అంగుళం ఇచ్చిన ఆ లోతు పదికి 1.1 అంగుళం ఇచ్చింది. గాలి అన్నాడు, ఆనిక సరిగా లేదన్నాడు. కావచ్చు. నేను వాదించలేదు, ఇంకొక పరీక్ష అడిగాను.

యాభై తూటాలు చేశాడు. మందు, కేసులు, ప్రైమర్లు అన్నీ ఒకటే. ఇరవై ఐదింటికి గట్లకు 20 థౌల ఎడం, మిగతా ఇరవై ఐదింటికి 60 థౌలు. ఏ తూటా ఏ లోతుదో మా బిడ్డ ఒక చీటీ మీద రాసుకొని, రెండు రకాలూ కలగలిపి డబ్బాలో సర్ది, ఒక్కోదానికి వరస సంఖ్య వేసింది. అల్లుడు రెండు ఆదివారాల్లో ఒక్కో తూటానూ ఒక్కో చుక్క మీద కాల్చాడు. నేను ఒక్కో గుండు చుక్క మధ్య నుంచి ఎటు, ఎంత దూరం పడిందో రాసుకున్నాను. గ్రూపు అంచు నుంచి అంచుకు కొలిస్తే రెండు గుండ్లే లెక్కలోకి వస్తాయి, మిగిలినవన్నీ వృథా. అందుకే ఒక్కో రకానికి కేంద్రం కట్టి, అక్కడి నుంచి ఒక్కో గుండు దూరం తీసి, వాటి సగటు లెక్కించాను. ఇట్లా చేస్తే కాల్చిన ప్రతి తూటా ఏదో ఒకటి చెబుతుంది.

చీటీ తెరిచాక 20 థౌల రకానికి సగటు దూరం 0.36 అంగుళం, 60 థౌల రకానికి 0.38 వచ్చింది. ఇరవై ఐదు చొప్పున కాల్చిన చోట ఇంత చిన్న తేడాను తేడా అనలేం. 40 థౌలు జరిపినా మారని రైఫిల్ మూడు థౌలకు మారుతుందని నమ్మడం ఇక కష్టం. ఆ రాత్రి అల్లుడు చాలాసేపు మౌనంగా కూర్చొని, ఆఖరుకు "అయితే నేను రెండేళ్లు దేని వెంట తిరిగిన మామయ్యా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నాకు బాధ కలిగింది. అతని శ్రమ అంతా వృథా కాలేదని, కేసుల తయారీలో, మందు తూకంలో అతను నేర్చిన శ్రద్ధ వల్లనే రెండు రకాలూ అంత దగ్గరగా వచ్చాయని చెప్పాను. అది ఓదార్పు మాట కాదు, నా నమ్మకం.

గట్లలోకి నొక్కిన తూటాల గురించి ఒక హెచ్చరిక. బుల్లెట్ గట్లను తాకి ఉంటే దానికి పరుగు లేకుండానే గట్లలో చెక్కుకుపోవాలి, అందువల్ల ఒత్తిడి పెరుగుతుంది. జంప్ ఉన్నప్పుడు సరిపోయిన మందు అప్పుడు ఎక్కువ కావచ్చు. ఒకసారి రేంజిలో కాల్పులు ఆపమని పిలుపు వస్తే అల్లుడు పేలని తూటాను బయటికి లాగాడు. కేసు వచ్చింది, బుల్లెట్ గట్లలోనే ఇరుక్కుపోయింది, మందు గింజలన్నీ రైఫిల్ లోపల ఒలికాయి. ఆ రోజు ఇక కాల్చలేదు. అప్పటి నుంచి అతను గట్లను తాకనివ్వడు. నా లెక్కలకన్నా ఆ ఒలికిన మందే అతన్ని ఎక్కువ మార్చింది.

నా వాదన ఆగే చోటు

రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచ్‌రెస్ట్ పోటీలవాళ్లను తలచుకుంటే నా వాదన ఎక్కడ ఆగాలో నాకు తెలుస్తుంది. వాళ్ల బరువైన రైఫిళ్లు వంద గజాలకు ఐదు గుండ్లను పావు అంగుళం లోపు పెడతాయి. సహజమైన చెదురు అంత తక్కువగా ఉన్న చోట లోతు వల్ల కలిగే చిన్న మార్పు కూడా బయటపడుతుంది. అలలు లేచే చెరువులో చిన్న తొణుకు కనపడదు కానీ నిశ్చలమైన పళ్లెంలో నీటి అల కనపడుతుంది. వాళ్లు మూడేసి థౌలు జరిపి లాభం చూశామంటే నేను కాదనను. వాళ్లు ఏడాదికి వేల తూటాలు కాలుస్తారు, ఒకే లోతును పదేపదే చూస్తారు. వాళ్ల అలవాటును అరువు తెచ్చుకొని, వాళ్ల రైఫిలూ వాళ్ల సంఖ్యా లేకుండా వాడడమే నాకు అభ్యంతరం.

ఈ తప్పు ఒక్క టెక్సస్‌లోనే లేదు. మా వీధిలో ఒక అమ్మాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, సాధనకు హైదరాబాద్ పోయి వస్తుంది. లండన్‌లో 2012లో గగన్ నారంగ్ కంచు పతకం గెలిచిన పోటీ అదే. అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అక్కడ మార్చడానికి లోతు ఉండదు, పెల్లెట్ అనే చిన్న గుండు తల కొలత ఉంటుంది: 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు. ఒక్కో రకం ఐదు కాల్చి 4.50 తనదని తేల్చుకుంది. నేను వాళ్ల నాన్న సాయంతో ఒకే డబ్బాలోని 4.50 పెల్లెట్లను మూడు చిన్న డబ్బాల్లో పోసి, మూడు రంగుల చీటీలు అంటించి ఇచ్చాను. వారం తరువాత పచ్చ చీటీదే మంచిదని వచ్చి చెప్పింది. నిజం చెప్పినప్పుడు చిన్నబుచ్చుకుంది. తరువాత తానే నోటు పుస్తకం తెచ్చి ఒక్కో రకానికి ఎన్ని కాల్చాలని అడిగింది. యాభై చొప్పున, రోజులు మార్చి, రకాలు కలిపి కాల్చమన్నాను. పాయింట్ 22 తూటాలకు ఏలీ, లాపువా కంపెనీలు బ్యారెల్‌ను బిగించి లాట్లవారీగా, అంటే ఒక్కో విడతలో తయారైన తూటాలను వేరువేరుగా కాల్చి చూపే రేంజిలు నడుపుతున్నాయి. రిమ్‌ఫైర్ అనే ఈ రకం తూటా ఫ్యాక్టరీలోనే తయారవుతుంది, దాని లోతు షూటర్ చేతిలో లేదు కనుక వాళ్లు లాట్ ఎంపికతోనే సరిపెట్టుకుంటారు.

అల్లుడికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. కొత్త బ్యారెల్‌కు 21 థౌలు తప్పని అనలేదు, ఎందుకంటే అది తప్పని నాకూ తెలియదు. 20కి ఇరవై, 60కి ఇరవై తూటాలు చేసి, చీటీ మళ్లీ బిడ్డ చేతికే ఇవ్వమన్నాను. కొంచెం సేపు ఆగి, ప్రైమర్లు రెండు వందలే మిగిలాయన్నాడు. నలభై తీసినా నూట అరవై ఉంటాయి కదా అన్నాను. వచ్చే ఆదివారం గాలి తక్కువుంటే పోతానన్నాడు. రంధ్రాల కొలతలు వరస సంఖ్యలతో పంపుతాడు, నేను ఇక్కడ పుస్తకంలో ఎక్కించుకుంటాను. చీటీ తెరిచేది ఆ తరువాతే.